మెదడులో జబ్బును వెతికిన డాక్టరు క్రేపెలిన్

చక్కగా చదువుకుంటున్న కుర్రాడు ఇరవయ్యో ఏట ఉన్నట్టుండి నలుగురిలోకి రావడం మానేస్తాడు. తనలో తనే నవ్వుకుంటాడు. ఎవరో తన్ను తిడుతున్నట్టు చెవిలో మాటలు వినపడుతున్నాయంటాడు. తల్లి పెట్టిన అన్నంలో విషం కలిపారని కంచం తోసేస్తాడు. గాలి సోకిందని కొందరు, గిట్టనివాళ్లు చేతబడి చేయించారని కొందరు అంటారు. తాయెత్తులు కడతారు, పొలం తాకట్టు పెట్టి భూతవైద్యుల చుట్టూ తిరుగుతారు. అది గాలీ కాదు, చేతబడీ కాదు, స్కిజోఫ్రేనియా అనే జబ్బు అని ఇవాళ పట్నంలో డాక్టరు చెప్పగలుగుతున్నాడు. ఆ మాట వెనక నూట పాతికేళ్ల కిందటి ఒక జర్మన్ వైద్యుడి శ్రమ ఉంది. ఆయన ఎమిల్ క్రేపెలిన్. ఈ జబ్బు మూలం మెదడులోనే ఉందని నమ్మి, బతికినన్నాళ్లూ దాన్ని వెతికించిన మనిషి. వెతికింది ఆయన కాలంలో దొరకలేదు. ఆ వెతుకులాటలో జరిగిన మంచీ ఉంది, చెడూ ఉంది.

క్రేపెలిన్ 1856 ఫిబ్రవరి 15న ఉత్తర జర్మనీలోని న్యూస్ట్రెలిట్జ్ అనే చిన్న పట్నంలో పుట్టారు. తండ్రి నాటకాల్లో వేషాలు కట్టేవాడు, పాటలు పాడేవాడు. మన వైపు హరిదాసులు ఊరూరా తిరిగినట్టే ఆయనా తిరిగి ఒక జర్మన్ రచయిత పుస్తకాలను జనం ముందు చదివి వినిపించేవాడు. కొడుక్కి ఆ కళ అబ్బలేదు. చాలా ఏళ్లు పెద్దవాడైన అన్న కార్ల్ ప్రభావం పడింది. అన్నకు మొక్కలు, పురుగుల మీద ప్రాణం. ఒక పురుగును పట్టుకుని దాని కులగోత్రాలేమిటో, ఏ జాతి కిందికి వస్తుందో తేల్చే చదువు ఆయనది. పురుగుల విషయంలో అన్న చేసిన పనినే మనిషి మతి విషయంలో తమ్ముడు చేశాడంటే పెద్ద తప్పు లేదు.

లైప్‌జిగ్‌లోనూ, వుర్జ్‌బర్గ్‌లోనూ వైద్యం చదివి, 1878లో మ్యూనిక్‌లోని పిచ్చాసుపత్రిలో డాక్టరు గుడెన్ కింద ఉద్యోగంలో చేరారు. గుడెన్ మెదడు శాస్త్రంలో మొనగాడు. ఆయన కథ విషాదంగా ముగిసింది. బవేరియా రాజు రెండవ లుడ్విగ్‌కు మతి లేదని 1886లో సంతకం చేసిన డాక్టర్లలో ఆయన మొదటివాడు. రాజును స్వయంగా పరీక్షించకుండానే ఆ నిర్ణయం రాశారు. జూన్ 13 సాయంత్రం రాజూ, డాక్టరూ షికారుకని సరస్సు ఒడ్డుకు వెళ్లారు. ఇద్దరి శవాలూ నీళ్లలో దొరికాయి. ఎవరు ఎవరిని ముంచారో నేటికీ తేలలేదు.

ఆ ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లోనే క్రేపెలిన్‌కు ఒక చిక్కు వచ్చింది. గుడెన్ శిష్యులందరూ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని మెదడు ముక్కలు పరీక్షించేవారు. ఈయనకు కంటి జబ్బు. గంటల తరబడి ఆ గొట్టంలోకి చూస్తే కళ్లు తట్టుకునేవి కావు. మెదడులోనే రహస్యం ఉందని నమ్మిన మనిషి మెదడును తన కళ్లతో శోధించలేకపోయారు. కాబట్టి ఆ పని వేరేవాళ్ల చేత చేయించాలి, తను మాత్రం బతికున్న రోగులను చూడాలి. తరవాతి కథంతా ఇదే.

1882లో మళ్లీ లైప్‌జిగ్ వెళ్లి ఫ్లెక్‌సిగ్ అనే ప్రొఫెసరు ఆసుపత్రిలో చేరితే, ఆయన కొద్ది నెలలకే ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆసుపత్రి పని కంటే, మనసును కొలిచే ప్రయోగాలు చేసే వుంట్ అనే పండితుడి ప్రయోగశాలలోనే ఎక్కువ కాలం గడుపుతున్నాడని ఆయన కోపం. చేతిలో ఉద్యోగం లేదు, నిశ్చయమైన పిల్ల ఎదురుచూస్తోంది. అలాంటి రోజుల్లో, 1883లో, మానసిక వ్యాధుల మీద ఒక చిన్న పుస్తకం రాశారు. అప్పటికి ఆయన వయసు 27. ముద్రణ ముద్రణకూ పెరిగిపెరిగి అది నాలుగు పెద్ద సంపుటాలయింది. ప్రపంచంలోని మానసిక వైద్యులందరి చేతికీ వెళ్లింది. పెళ్లి మరుసటి ఏడాది జరిగింది.

ముప్పయ్యో ఏట ప్రొఫెసరు పదవి వచ్చింది గాని, అది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న డోర్పాట్‌లో. ఇప్పుడు ఎస్టోనియాలో ఉన్న టార్టూ నగరమే అది. అక్కడి రోగుల భాష డాక్టరుకు రాదు. మతి చెదిరిన మనిషి మాటను దుబాసీ ద్వారా వినాల్సి వచ్చింది. మాట అర్థం కానప్పుడు మనిషి కూర్చున్న తీరూ, చేష్టలూ, రోజులు గడిచేకొద్దీ వచ్చే మార్పూ మరింత జాగ్రత్తగా గమనించాలి కదా. రోగి ఏం మాట్లాడాడన్న దానికంటే జబ్బు ఎలా నడిచిందన్న దాని మీద ఆయనకు గురి కుదరడానికి ఈ అయిదేళ్ల ప్రవాసం కూడా కారణమని అనుకోవచ్చు.

1891లో హైడెల్‌బర్గ్ వచ్చారు. ఆయన అసలు పని మొదలయిందిక్కడే.

ఆ రోజుల్లో పిచ్చి అన్నది ఒక పెద్ద గంప. నవ్వేవాడూ, ఏడ్చేవాడూ, మాటాపలుకూ లేకుండా గోడవైపు తిరిగి నిలబడేవాడూ అందరూ అందులోనే. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా పేర్లు పెట్టేవాడు. ఇవాళ నవ్విన రోగి ఆరు నెలలకు ఏడిస్తే జబ్బు పేరు మారిపోయేది. క్రేపెలిన్ ఒక పద్ధతి పెట్టారు. ఆసుపత్రిలో చేరిన ప్రతి మనిషికీ ఒక అట్టచీటీ. ఎన్నో ఏట మొదలయింది, ఎలా మొదలయింది, ఇంటిలో ఇంకెవరికైనా ఉందా, ఇక్కడికొచ్చాక ఎలా ఉంది, ఇంటికి వెళ్లాక ఏమయింది. అన్నీ క్లుప్తంగా ఆ చీటీ మీదికి ఎక్కేవి. మనిషి ఆసుపత్రి వదిలిపోయినా చీటీ మూతపడేది కాదు. ఏళ్లు గడిచాక కబురు తెప్పించుకుని మళ్లీ రాసేవారు. ఒకప్పుడు మన కరణాలు పొలాలకు రాసిన అడంగల్ లాంటిదే ఇది, కాకపోతే మనుషులకు. సెలవులకు వెళ్తే ఆ చీటీలు వెంట తీసుకెళ్లి, ముందేసుకుని కుప్పలు కుప్పలుగా పేర్చేవారట. ఒక కుప్పలోది తీసి ఇంకో కుప్పలో పెట్టడం, మళ్లీ మార్చడం.

అలా పేర్చగా పేర్చగా రెండు పెద్ద కుప్పలు తేలాయి. ఒకదాంట్లోవాళ్లు విపరీతమైన ఉత్సాహంలోకో, దిగులులోకో పోతారు, నెలలకు తేరుకుంటారు, మళ్లీ మామూలు మనుషులవుతారు. కొంతకాలానికి మళ్లీ రావచ్చు. రెండో కుప్పలోవాళ్లకు జబ్బు పడుచుతనంలోనే మొదలవుతుంది, లేని మాటలు వినపడతాయి, లేని అనుమానాలు పుడతాయి, మనసు క్రమంగా మొద్దుబారుతుంది. ఈ రెండో జబ్బుకు లాటిన్‌లో డిమెన్షియా ప్రీకాక్స్ అన్నారు. చిన్న వయసులోనే బుద్ధి క్షీణించడమని అర్థం. 1893 నాటి ముద్రణలో ఆ పేరు వచ్చింది. 1899 నాటి ఆరో ముద్రణలో రెండు జబ్బుల మధ్య గీత స్పష్టంగా గీశారు. వైద్యులు ఇవాళ్టికీ ఆ గీత మీదే వాదించుకుంటున్నారు, ఆ గీతతోనే పని కూడా చేసుకుంటున్నారు.

పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదని ఆయనకు తెలుసు. అందుకే మెదడు పనిలో ఆరితేరినవాళ్లను పోగుచేశారు. నిసిల్ అనే డాక్టరు 1895లో వచ్చి చేరాడు. నేతగాడు నూలుకు రంగు అద్దినట్టు మెదడు పొరలకు రంగు అద్ది, అందులోని కణాలు విడివిడిగా కనపడేలా చేసిన ఘనుడాయన. తరవాత ఆలోయిస్ ఆల్జైమర్ వచ్చాడు. 1903లో క్రేపెలిన్ మ్యూనిక్‌కు ప్రొఫెసరుగా వెళ్తే ఆల్జైమర్ వెంట నడిచి, అక్కడ మొదట్లో జీతం కూడా లేకుండా పనిచేశాడు. ముసలితనంలో మరుపు జబ్బు పేరుగా ఇవాళ అందరూ వాడే ఆల్జైమర్ ఈయన పేరే. ఆ పేరు పెట్టింది మాత్రం క్రేపెలిన్, 1910 నాటి తన పుస్తకంలో.

ఇక్కడే విధి వెక్కిరించింది. మరుపు జబ్బుతో పోయిన వాళ్ల మెదడులో తేడా సూక్ష్మదర్శిని కింద కళ్లకు కట్టినట్టు కనపడింది. డిమెన్షియా ప్రీకాక్స్‌తో పోయినవాళ్ల మెదళ్లలోనూ కణాలు కొన్ని పాడయినట్టు ఆల్జైమర్‌కు అనిపించింది గాని, ఇదుగో ఇదీ ఆ జబ్బు గుర్తు అని వేలుపెట్టి చూపగలిగేది ఒక్కటీ నిలవలేదు. క్రేపెలిన్ పట్టు వదలలేదు. ఈ జబ్బు ఒక్క జర్మన్లకేనా, లోకమంతటా ఉందా అని చూడడానికి అన్నతో కలిసి జావా ద్వీపం వెళ్లి, 1904లో అక్కడి బ్యూటెన్‌జోర్గ్ పిచ్చాసుపత్రిలో రోగులను చూశారు. అక్కడా అదే జబ్బు ఉంది. పైకి కనపడే లక్షణాల్లో మాత్రం తేడాలున్నాయి. లేని మాటలు వినపడడం అక్కడ తక్కువని రాసుకున్నారు.

మనిషి స్వభావం గురించి రెండు మాటలు. పని రాక్షసుడు. సారా, బీరు ముట్టనివాడు. అదీ బీరుకు పేరుమోసిన మ్యూనిక్‌లో! తాగుడు మనసును ఎంత మందగింపచేస్తుందో కూడికల లెక్కలు చేయించి, క్షణాలు లెక్కగట్టి నిరూపించడానికి ఏళ్లు వెచ్చించారు. ఊళ్లోవాళ్లు వేళాకోళం చేసినా లెక్కచేయలేదు. పుట్టిన పిల్లల్లో కొందరు పసితనంలోనే పోయారు. రోగుల బాధ గురించి రాసేటప్పుడు మాత్రం మాటలు చల్లగా, గుమాస్తా చిట్టా రాసినట్టు ఉంటాయి. చీటీ మీద జబ్బు నడక ఉంది, ఆ మనిషి ఏమనుకుంటున్నాడో లేదు. ఆ లోటును స్విట్జర్లాండ్‌లో బ్లాయిలర్ అనే డాక్టరు పట్టుకున్నాడు. రోగులతో కలిసిమెలిసి బతికిన ఆయన, ఈ జబ్బు అందరికీ చిన్నతనంలో రాదనీ, అందరి బుద్ధీ క్షీణించదనీ చెప్పి, 1908లో స్కిజోఫ్రేనియా అని కొత్త పేరు పెట్టాడు. మనసు చీలడమని అర్థం. ఒక మనిషిలో ఇద్దరు మనుషులుండడం అని సినిమాల్లో చూపించేది ఇది కాదు.

1917లో, యుద్ధం మధ్యలో, క్రేపెలిన్ కల నిజమయింది. మ్యూనిక్‌లో మానసిక వ్యాధులపై పరిశోధనకే ఒక సంస్థ పెట్టారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది జేమ్స్ లోబ్ అనే అమెరికన్ ధనికుడు. ఆయన యూదుడు, ఒకప్పుడు క్రేపెలిన్ వద్ద వైద్యం చేయించుకున్నవాడు. ఇంత ఉపకారం పొందిన క్రేపెలిన్, 1919లో జర్మనీలో జరిగిన తిరుగుబాటు గురించి రాస్తూ నాయకుల్లో చాలామంది మతి సరిగా లేనివాళ్లనీ, అందులో యూదులు ఎక్కువనీ రాశారు. జాతి క్షీణించిపోతోందన్న భయం ఆయన రాతల్లో చివరిదాకా ఉంది. పెద్ద మనిషి కదా అని ఈ సంగతి దాచడం ధర్మం కాదు.

ఆయన 1926 అక్టోబర్ 7న పోయారు. ఆయన దగ్గర పనిచేసిన ర్యూడిన్ 1931లో ఆ సంస్థకు అధిపతి అయ్యాడు. మానసిక రోగులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే చట్టాన్ని హిట్లర్ ప్రభుత్వం 1933లో తెచ్చింది. దానికి వ్యాఖ్యానం రాసినవాళ్లలో ఈ ర్యూడిన్ ఒకడు. చట్టంలోని జబ్బుల జాబితాలో స్కిజోఫ్రేనియా ఉంది. దాదాపు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. 1940, 1941 సంవత్సరాల్లో సుమారు 70 వేల మంది రోగులను విషవాయువుతో చంపారు. ఆ హతుల మెదళ్లు కొన్ని యూదుడి డబ్బుతో లేచిన ఆ సంస్థ ప్రయోగశాలకే పరీక్షకు చేరాయి. క్రేపెలిన్ అప్పటికి లేరు. కాని, ఇది నయం కాదు, వంశాన పాకుతుంది అని ఆయన పుస్తకం వేసిన ముద్ర ఆ గుమాస్తాల చేతిలో ఉంది.

మరి నయం కాదన్న మాట నిజమేనా? కొద్దిమంది కోలుకున్నారని ఆయన చీటీల్లోనే ఉంది. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడాక ఎంతోమంది ఆసుపత్రులు వదిలి ఇళ్లకు చేరారు. 1976లో ఇంగ్లండులో కొత్తగా వచ్చిన స్కానింగు యంత్రంతో చూస్తే, దీర్ఘకాల రోగుల మెదడు మధ్యలోని నీటి గదులు మామూలు కంటే పెద్దవిగా కనపడ్డాయి. అంటే మెదడులో ఏదో ఉందన్న ఆయన పంతం వట్టిది కాదు. అయినా అది అందరిలో కనపడదు. రక్తపరీక్షతోగాని, స్కానింగుతోగాని ఈ జబ్బును తేల్చే పద్ధతి ఇవాళ్టికీ లేదు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో రోగులను వెతికి, ఏళ్ల తరవాత వాళ్లెలా ఉన్నారో విచారించింది. అందులో మన దేశం నుంచి ఆగ్రా ఉంది. ధనిక దేశాల నగరాల్లోకంటే ఆగ్రాలో, నైజీరియాలోని ఇబదాన్‌లో కోలుకున్నవాళ్లు ఎక్కువగా తేలారు. ఇంటిల్లిపాదీ వదలకుండా చూసుకోవడం వల్లనా, చేతనైన పని ఏదో ఒకటి దొరకడం వల్లనా అన్న వాదన ఇంకా తెగలేదు.

క్రేపెలిన్ రాయించిన చీటీలు కొన్ని మ్యూనిక్‌లోని ఆ సంస్థ భాండారంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ ఒక తల్లి కొడుకును పట్నానికి తీసుకెళ్తే, డాక్టరు ముందుగా కలం తీసుకుని అడిగేవి కూడా ఆ చీటీ మీది ప్రశ్నలే. ఎన్నో ఏట మొదలయిందమ్మా? ఎలా మొదలయింది? మీ ఇంటిలో ఇంకెవరికైనా ఉందా?