మందు – మోతాదు – కాలం

నూజివీడు మామిడితోటల మెరక దాటి ఆగ్నేయంగా సాగితే కొల్లేరు, అటుపిమ్మట వరిచేల నడుమ భీమవరం వస్తాయి. 1895 జనవరి 12న ఆ భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. కోస్తా పల్లెలను తరతరాలుగా పీడించిన బోదకాలుకు మందు, ఈ గడ్డపై పుట్టినవారి పర్యవేక్షణలోనే, అదీ అమెరికాలో రూపొందడం విశేషం.

ఆయన బాల్యం సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

ఉన్నత విద్యకై బోస్టన్ చేరి, రాత్రివేళల ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. రక్తంలోని భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించారు. శరీరంలో ఏ పదార్థం ఎంత ఉన్నదో కొలవడమే ఆయన తొలి విద్య.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారిన పిమ్మట ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సర్ సోకిన పసిపిల్లలకు తాత్కాలిక ఉపశమనం లభించినట్లు 1948లో ఫార్బర్ వెల్లడించారు. అంతకుముందే, 1947లో, ఆ ప్రయోగశాల నుండి బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ వెలువడింది.

ఈ మందును కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, 12 రోజులపాటు ఇచ్చేవారు. 50 కిలోల మనిషికి అది 300 మిల్లీగ్రాములు. శరీరంలోని మందు సుమారు పది గంటలకొకసారి సగానికి తగ్గుతుందనుకొని లెక్కవేద్దాం. మరునాటికి మిగిలేది దాదాపు ఐదోవంతు, అంటే 57. దానికి కొత్త మోతాదు చేరితే 357, మూడవనాడు 368. ఆపైన ఎన్నాళ్ళు వేసినా మోతాదు పడిన వెంటనే ఉండే నిల్వ 370 దగ్గరే ఆగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానం కావడమే ఇందుకు కారణం.

అయితే లెక్క ఇంతటితో తీరదు. రెండుమూడు రోజులలో మందు శరీరాన్ని దాదాపుగా విడిచిపోయినా, రక్తంలోని పిల్లపురుగుల సంఖ్య నెలల తరబడి తక్కువగానే ఉంటుంది. ఏడాది గడిచాక చూస్తే ఒక్క మోతాదు కూడ ఇంచుమించు పన్నెండు రోజుల చికిత్సతో సమానమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. తల్లిపురుగులు మాత్రం కొన్నేళ్ళు జీవిస్తాయి. కనుక ఏడాదికొక మోతాదును వరుసగా ఐదారేళ్ళయినా ఇవ్వాలి. 2004లో మన దేశం చేపట్టిన సామూహిక మందుల పంపిణీకి ఆధారం ఇదే. పెద్దవారికి మూడు మాత్రలు. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు.

సుబ్బారావు ఇదేదీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, అమెరికాలోనే గుండెపోటుతో మరణించారు. తన రాకకై ఎదురుచూస్తున్న భార్య శేషగిరిని గాని, విడిచివచ్చిన స్వదేశాన్ని గాని ఆయన మళ్ళీ చూడనేలేదు.