హాస్యకరుణల పొత్తు: శ్రీ ఆలూరి చక్రపాణి జీవితము

నవరసములలో హాస్యమునకును కరుణకును పొందిక లేదని అలంకారికులు చెప్పుదురు. సాహిత్యదర్పణమున ఈ రెండును పరస్పర విరోధులుగా లెక్కింపబడినవి. శాస్త్రము మాట యెట్లున్నను, సంసారమున ఈ రెండును ఒకే కప్పు క్రింద కాపురముండుట మనమెల్లరము ఎరిగినదే. పెండ్లిపందిటిలో ఒక మూల వియ్యాలవారి వేళాకోళములు సాగుచుండగా, వేరొక మూల కన్యాదాత కట్నపు బాకీని తలచుకొని కుములుచుండును. ఈ సత్యమును తెలుగు చలనచిత్రమునకు ఎక్కించినవారిలో అగ్రగణ్యులు శ్రీ చక్రపాణిగారు. వారి జీవితమున ఒక ముఖ్యఘట్టము మన సీమలోనే జరిగినది. కావున మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారిని స్మరించుట సముచితము.

వారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన తెనాలికి చేరువనున్న ఐతానగరమున రైతు కుటుంబమున జన్మించిరి. వికటకవి రామకృష్ణుని పేరు మోయు ఊరి గాలి పీల్చి పెరిగినవారికి హాస్యము అబ్బుటలో వింత లేదు. జాతీయోద్యమపు రోజులలో హిందీ భాషను శ్రద్ధతో అభ్యసించిరి. చక్రపాణి యన్నది హిందీ గురువు పెట్టిన కలము పేరు. తుదకు అదియే లోకమునకు తెలిసిన పేరయ్యెను.

యౌవనముననే వారిని క్షయరోగము పట్టుకొనెను. 1930వ దశకపు తొలినాళ్లలో చికిత్సకై నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము చేరిరి. ఆ రోగమునకు పనిచేసిన తొలి దివ్యౌషధమగు స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అంతకు మున్ను మంచిగాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే ప్రధాన చికిత్స. మంచమున పడియున్నవానికి కాలము గడచుట యెంత కష్టమో ఊహింపవచ్చును. చక్రపాణిగారు ఆ కాలమును వృథాపుచ్చలేదు. అచ్చటనే చికిత్స పొందుచున్న ఒక వంగీయుని వద్ద వంగభాష నేర్చుకొనిరి. బ్రదుకు నిలుచునో లేదో తెలియని దినములలో క్రొత్త భాషకు అక్షరాభ్యాసము చేసినవాని ధైర్యము సామాన్యమైనది కాదు.

రోగము నయమైన పిమ్మట ఆ విద్య తెలుగువారికి అక్కరకు వచ్చెను. శరచ్చంద్రుని దేవదాసు మొదలుగా పెక్కు నవలలను వారు తెలుగు చేసిరి. ఆ తెలుగు చదివినవారిలో పలువురు శరత్ బాబు తెలుగువాడే యనుకొనిరని ప్రతీతి. 1941లో వెలువడిన 'ధర్మపత్ని' చిత్రమునకు సంభాషణలు వ్రాసిరి. తరువాత బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' చిత్రరచనకై మద్రాసు చేరిరి. అచ్చట కడప జిల్లాకు చెందిన బి. నాగిరెడ్డిగారితో మైత్రి కుదిరెను. ఆ ఇరువురి పూనికతో 1947 జులైలో 'చందమామ' పుట్టినది. ఆ పత్రిక నేడు వెలువడకున్నను, దాని కథలతో చదువు నేర్చిన తరములు ఊరూర నున్నవి.

విజయా సంస్థ పక్షమున వారు కథలు కూర్చిన చిత్రములను గమనించినచో, లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు ఒక విషయము తోచినది. ఆ నవ్వుల అడుగున ఎప్పుడును ఇంటి జమాఖర్చుల బాధ యున్నది. 'షావుకారు' (1950) వడ్డీవ్యాపారి కథ. 'పెళ్లిచేసి చూడు' (1952) కట్నము చిక్కు. అందు నాయకుడు పిచ్చివాని వేషము వేసి ఎంత నవ్వించినను, ఆ పిచ్చికి మూలము తండ్రి ధనాశయే. 'అప్పుచేసి పప్పుకూడు' (1959) అప్పులమీద ఆడంబరము సాగించు పెద్దమనిషి భాగవతము.

1955 జనవరిలో విడుదలైన 'మిస్సమ్మ' ఈ మార్గమునకు మకుటాయమానము. దీని మూలము రవీంద్రనాథ మైత్ర వ్రాసిన వంగనాటకము 'మన్మయీ గర్ల్స్ స్కూల్'. శరదిందు బందోపాధ్యాయుని కథయొకటి దానికి తోడైనది. ఆరోగ్యవరపు మంచముమీద నేర్చిన భాష ఇట్లు ఫలించినది. పాఠశాలలో ఉద్యోగము దంపతులకే యని ప్రకటన వెలువడగా, మేరీ యను క్రైస్తవ యువతియు, రావు అను హిందూ యువకుడును భార్యాభర్తలమని నటించి కొలువున చేరుదురు. ఆ అబద్ధమును కాపాడుకొనుటకు వారు పడు పాట్లు కడుపుబ్బ నవ్వించును. కాని మేరీ ఈ సాహసమునకు ఒడిగట్టుట పెంచిన తండ్రి ఋణము తీర్చుటకు. ఆమెకు ఆశ్రయమిచ్చిన జమీందారు దంపతులో, చిన్ననాడు తప్పిపోయిన తమ బిడ్డ పేరిట ఆమెను పిలుచుకొని మురియుదురు. ఆ పిలుపునకు ఆమె విసుగుకొనును, మనము నవ్వుదుము. ఆ బిడ్డ ఆమెయేయని తేలిన క్షణమున, అంతదాక నవ్వినందుకే మన కన్నులు మరింత చెమర్చును. ఎల్.వి. ప్రసాదు దర్శకత్వము, పింగళి పాటలు, సాలూరు రాజేశ్వరరావు బాణీలు, సావిత్రి నటన, అన్నియు దానికి అమరినవి.

కన్నడ చిత్రమాధారముగా 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' కూడ ఇట్టిదే. సవతికూతురిని దాసిగా వాడుకొను గయ్యాళిని అందు రాక్షసిగా చూపలేదు. సూర్యకాంతమ్మ గుండమ్మయై నవ్వించును. కడపట ఆమె పాట్లు చూచి జాలిపడుదుము. తప్పుచేసినవారిని ఇంటినుండి వెడలగొట్టక, బుద్ధి తెప్పించి మరల విస్తరి ముందు కూర్చుండబెట్టుట చక్రపాణిగారి పద్ధతి. ప్రేక్షకుడు వినోదమునకే వచ్చునని వారి అభిప్రాయము. నీతిబోధ వారికి గిట్టదు. అయినను ఆ చిత్రములు చూచినవారు కట్నమును, అప్పును, సవతిపోరును వేరు చూపుతో చూడక తప్పదు.

1975 సెప్టెంబరు 24వ తేదీన వారు పరమపదించిరి. నవలలు చదువుట కాలక్షేపమనియు, హాస్యము తక్కువ రసమనియు తలచు పెద్దలు మన గ్రామములలో ఇంకను కలరు. వారికి చక్రపాణిగారి జీవితమే సమాధానము. పరభాష పుస్తకమొకటి రోగి చేతికి దొరకుటవలన ఇన్ని యిండ్లు నవ్వినవి, ఇన్ని హృదయములు మెత్తబడినవి. మన గ్రంథాలయపు బీరువాలలోని ఏ పుస్తకము ఎవరి చేత ఎట్లు ఫలించునో ఎవరు చెప్పగలరు? తలుపులు తెరచియుంచుటయే మన వంతు.