ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బిషప్

విడిపోవడానికి ఒక్క మాట చాలు, కలవడానికి ఏళ్ళు పడుతుంది. ఉమ్మడి కాపురం చేసిన ఆడవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా? దేవుడి ఇంట్లోనూ అంతే!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న మా అనంతపురం సీమలో ఒకప్పుడు లండన్ మిషన్ సంఘాలుండేవి. నంద్యాల వైపు ఆంగ్లికన్లు. బైబిలు ఒకటే, ప్రభువు ఒక్కడే. అయినా ఇక్కడి పిల్ల అక్కడికి కాపురానికెళ్తే సంఘం మారిపోయేది. అవి తెల్లదొరలు గీసుకున్న హద్దులు. మన కులాల గీతలు మనకెలాగూ ఉన్నాయి. ఈ రెండింటినీ చెరపడానికి నడుం కట్టినవారు బిషప్ అజరయ్యగారు.

1874 ఆగస్టు 17న తమిళదేశంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి పాదిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళాడారు. 1909లో తెలుగు నేల మీదున్న దోర్నకల్‌కి వచ్చి, మన భాష నేర్చుకుని, మనవారైపోయారు. మరుసటి ఏడు ఎడింబరో మహాసభలో మిషనరీల మొహం మీదే నిజం చెప్పారు: మా కోసం ఎన్ని త్యాగాలు చేసినా, మాతో కలిసి భోంచేసే స్నేహం మాత్రం మీ దగ్గర లేదని. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

దొరలను అడిగి ఊరుకోలేదు, మనవాళ్ళనీ అడిగారు. క్రైస్తవులయ్యాక కూడా మాల, మాదిగలు విడివిడిగా తింటుంటే ఒప్పుకోలేదు, సహపంక్తికి పట్టుబట్టారు. అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ళ మధ్య పనిచేస్తూ ఆయనకు చేదోడయ్యారు.

1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల పాదిరులు కూర్చుని, మనమంతా ఒకటవ్వాలని తీర్మానించారు. ముందు నిలిచిన వారిలో ఈయనొకరు. ఆ మాట నెరవేరడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. కానీ ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు. తను వేసిన విస్తరి ముందు కూర్చునే భాగ్యం ఆయనకే దక్కలేదు. నంద్యాలవాళ్ళైతే 1975 దాకా రానేలేదు.

సంతకాలతో సంఘాలు ఒకటవుతాయేమో గానీ మనసులు ఒకటవ్వవు. పంక్తిలో పక్కన కూర్చున్నది ఎవరని అడగకుండా వడ్డించడం మన వంటింట్లోనే మొదలవ్వాలి. ఏమంటారు?