వాహనాల వరుసలో శాస్త్రాన్ని చూచిన క్రిస్టెన్ నైగార్డు

నారాయణగూడ కూడలిలో సాయంకాలం వాహనాలు బారులు తీరినప్పుడు శ్రద్ధగా చూచినవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. బస్సు, లారీ, కారు అన్నీ వాహనాలే. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉన్నది, ఒక వేగం ఉన్నది. అయినా బస్సు ప్రయాణికులను ఎక్కించుకొంటుంది. లారీ సరకు మోస్తుంది. సామాన్యధర్మాన్నీ విశేషధర్మాన్నీ ఇట్లా వేరుపరచి యంత్రానికి తెలియజెప్పే భాషను నిర్మించిన ఇద్దరిలో ఒకరు నార్వే దేశీయుడైన క్రిస్టెన్ నైగార్డు.

ఆయన 1926 ఆగస్టు 27న ఆస్లో నగరంలో జన్మించినారు. 1948లో దేశరక్షణ పరిశోధనసంస్థలో చేరి, నార్వే తొలి అణురియాక్టరుకు సంబంధించిన లెక్కలలో పాల్గొన్నారు. కొలువు చేస్తూనే చదువు సాగించి, 1956లో ఆస్లో విశ్వవిద్యాలయం నుండి గణితంలో మాస్టరు పట్టం పొందినారు. 1960లో నార్వే కంప్యూటింగు కేంద్రానికి మారినారు. పెద్ద పెద్ద వ్యవస్థల నడకను ముందుగా యంత్రంమీద అనుకరించి చూడడం ఆయన సంకల్పం. ఆనాటి భాషలు లెక్కలకు పనికివచ్చేవే గాని లోకవ్యవహారాన్ని వర్ణించడానికి ఒదిగేవి కావు. ఆ కొరత తీర్చడానికి ఓలె-యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే భాషను రూపొందించినారు.

1966 చివర ఆ మిత్రులిద్దరూ వంతెనమీది టోల్‌గేటు వద్ద నిలిచే వాహనాల వరుసను గురించి ఆలోచిస్తూండగా చిక్కుముడి విడిపోయింది. వాహనాలన్నిటికీ ఉమ్మడియైన లక్షణాలను ఒకేచోట వ్రాసి, బస్సుకూ లారీకీ ప్రత్యేకమైన వాటిని దానికి జోడించవచ్చునని తోచింది. సిమ్యులా 67 అట్లా అవతరించింది. అందులో లక్షణాలను తెలిపే వర్ణన క్లాసు. ఆ వర్ణన ననుసరించి, న్యూ అనే మాటతో పుట్టించే ఒక్కొక్క వాహనమూ ఆబ్జెక్టు. ఖాళీ దరఖాస్తు ఫారం ఒకటే. నింపిన దరఖాస్తులు అనేకం.

ఆ బీజమే తర్వాత స్మాల్‌టాక్, సి ప్లస్ ప్లస్, జావాలలో శాఖోపశాఖలైంది. అశోక్‌నగర్‌లో గది తీసుకొని, చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చొని జావా నేర్చిన విద్యార్థి, పైథాను పుస్తకం తెరవగానే న్యూ కనిపించక తికమకపడవచ్చు. అక్కడ క్లాసు పేరు వ్రాసి ప్రక్కన కుండలీకరణాలు పెడితే చాలు, ఆబ్జెక్టు పుడుతుంది. క్లాసులో వ్రాసే పనులకు మాత్రం ఆ ఆబ్జెక్టునే సూచించే సెల్ఫ్ అనే మాటను మొదట ఉంచడం పరిపాటి. భాష మారితే ప్రత్యయం మారుతుంది గాని ధాతువు మారదు. సమస్యలోని వస్తువు లేవి, ఒక్కొక్కటి దాచుకొనే సమాచార మేమిటి, చేసే పని యేమిటి అని ముందుగా విచారించినవానికి ఏ కొత్త భాషా పరాయిది కాదు.

అయితే నైగార్డు మనస్సును మరొక ప్రశ్న కలతపెట్టింది. కర్మాగారాన్ని ఇంత చక్కగా వర్ణించే సాధనం యజమానికే బలమిచ్చి, అందులో శ్రమించేవానిని అశక్తుని చేయదా? ఆయన విచారంతో ఊరుకోలేదు. 1970 దశకారంభంలో ఇనుము, లోహ కార్మికుల సంఘంతో చేతులు కలిపి, కొత్త యంత్రం తమ పనిని ఎట్లా మారుస్తుందో కార్మికులే పరిశీలించుకొనేటట్లు తోడ్పడినారు. 1975లో కార్మిక, యాజమాన్య సమాఖ్యల నడుమ కుదిరిన ఒప్పందం ఆ విషయంలో కార్మికులకు మాట చెప్పే హక్కును కల్పించింది.

2001 సంవత్సరపు ట్యూరింగు పురస్కారం ఇద్దరినీ వరించింది. 2002 జూన్ 29న డాల్, ఆగస్టు 10న నైగార్డు కన్నుమూసినారు. ఆరు వారాలలో ఆ జంట అంతరించింది. వరుసలో నిలిచిన వాహనాలకు లక్షణాలు నిర్ణయించిన ఆ మేధావి, వాటిని నడిపే మనిషిని మాత్రం మరువలేదు. ఆయన చరిత్రలో విద్యార్థిలోకం గ్రహింపవలసిన పాఠం అదే.