జాన్ వెస్లీగారి తల్లిదండ్రులు

ధ్యానమునకు: కొలొస్సయులకు 3:20, 21; లూకా 15:11–32



మెదకులోని గొప్ప దేవాలయమును కట్టించిన వెస్లియన్ మిషను పేరు మీలో అనేకులు విన్నదే. ఆ పేరు జాన్ వెస్లీగారినుండి వచ్చినది. ఆయన గుఱ్ఱమెక్కి ఊరూర తిరిగి సువార్త ప్రకటించిన సంగతి పలుమారులు వ్రాయబడినది గనుక దానిని విడిచి, ఈ మాసము ఆయన పెరిగిన యింటిని గూర్చి వ్రాయుచున్నాము. ఆ యింట మేలును జరిగెను, కీడును జరిగెను. రెండును చెప్పవలసియున్నది.

ఆయన 1703వ సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లండు దేశమందలి ఎప్‌వర్తు గ్రామమున జన్మించెను. తండ్రియైన శామూయేలు వెస్లీ ఆ గ్రామ సంఘపు గురువు. గొప్ప చదువరి, కవి, ముక్కోపి. అప్పు తీర్చలేక 1705లో కొన్ని నెలలు చెరసాలలో ఉండెను. తల్లి సూసన్నా. ఆమె కనిన పందొమ్మిదిమంది బిడ్డలలో పదిమందియే పెరిగి పెద్దవారైరి. ఆ పేదరికములోనే ఆమె బిడ్డలకు ఇంట బడి పెట్టి, ఐదేండ్లు నిండిన మరునాడే అక్షరములు నేర్పెడిది.

ఆమె శిక్షణ కఠినమైనది. ఏడాది నిండిన బిడ్డ బెత్తమునకు భయపడవలెననియు, ఏడ్చినను మెల్లగా ఏడ్వవలెననియు ఆమె నియమము. ఇది విని సంతోషించు తండ్రులు మా పాస్టరేటులోను లేకపోలేదు. మేము వారితో ఏకీభవింపజాలము. ఏడాది బిడ్డకు దెబ్బ తెలియునే గాని దాని కారణము తెలియదు. అయితే ఆమె తక్కిన నియమములను కూడ ఆ తండ్రులు వినవలెను. తప్పును తానే ఒప్పుకొనిన బిడ్డను కొట్టరాదు. ఒక తప్పునకు రెండుసార్లు శిక్షింపరాదు, తరువాత దానిని ఎత్తి దెప్పరాదు. బిడ్డకిచ్చిన మాట తప్పరాదు. భయముచేత బిడ్డలు అబద్ధమాడుదురని ఆమె బాగుగా ఎరిగియుండెను.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఆ యింటికి నిప్పంటుకొనెను. అందరు వెలుపలికి వచ్చిరి గాని ఐదేండ్ల జాన్ మేడగదిలో చిక్కుకొనెను. మెట్లు మండుచుండుటచేత తండ్రి ఎక్కలేక, మోకరించి బిడ్డ ఆత్మను దేవునికి అప్పగించెను. అంతలో బిడ్డ పెట్టె నెక్కి కిటికీలో కనబడగా, ఒకని భుజములపై మరియొకడు నిలిచి వానిని లాగివేసెను. వెంటనే కప్పు కూలెను. ఈ బిడ్డ ఆత్మ విషయమై మరింత జాగ్రత్తగా ఉందునని తల్లి అటుతరువాత దేవునియెదుట తీర్మానించుకొనెను.

ఆ తీర్మానమునకు ఒక రూపము వచ్చుట మన దేశమునకు సంబంధించిన సంగతి. భర్త లండనులో ఉన్న 1712 శీతకాలమున, తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనెరీలను గూర్చిన పుస్తకమొకటి ఆయన గదిలో దొరికెను. జీగెన్‌బాల్గు గారును ఆయన సహవాసియు దూరదేశపు జనుల ఆత్మలకొరకు పడిన ప్రయాస చదివి ఆమె మనస్సు కలతపడెను. నా యింటిలోని ఆత్మలకు నేనేమి చేయుచున్నానని తన్ను తాను ప్రశ్నించుకొని, ప్రతి సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఒంటరిగా కూర్చుండి మాటలాడుటకు ఆరంభించెను. సోమవారము మేరీకి, మంగళవారము హెట్టీకి, గురువారము జాన్‌కు, శనివారము చార్లెసుకు; తక్కినవారికిని దినములు ఏర్పడెను. అది పాఠము చెప్పు వేళ కాదు, శిక్షించు వేళయు కాదు. బిడ్డ మనస్సులో ఏమున్నదో తల్లి వినెడి వేళ. ఆ యింటిలో తనకొరకు ఒక వేళ కలదని ప్రతి బిడ్డయు ఎరుగును.

జాన్ పదేండ్లకే ఇల్లు విడిచి లండను బడికి పోయెను. కాని 1732లో, ఆక్స్‌ఫర్డులో పండితుడై యుండి కూడ, ఆ గురువారపు సాయంకాలములో కొంతభాగము తనకు ఇంకను ఇమ్మని తల్లికి ఉత్తరము వ్రాసెను. అప్పుడది తన వివేచనను తీర్చెను, ఇప్పుడు తన హృదయమును సరిదిద్దునని ఆయన నమ్మిక. ఇరువదియెనిమిది ఏండ్లవాడు తల్లితో తన లోపములను మాటలాడ గోరుట మన గ్రామములలో ఎంత అరుదో మేము చెప్పనక్కరలేదు.

ఇక హెట్టీ సంగతి. ఆమె ఎనిమిదేండ్లకే గ్రీకు క్రొత్తనిబంధన చదువగలిగెనని చెప్పుదురు. ఇట్టి కుమార్తె 1725లో, పెండ్లి చేసికొందునని నమ్మించినవానితో వెళ్లి, మోసపోయి, గర్భవతియై తిరిగివచ్చెను. తండ్రి క్షమింపలేదు. ఆమెకు ఏ విధముగాను తగని సీసపు పనివానికి ఆ యేడే ఇచ్చి పెండ్లి చేసెను. చిన్ననాటి దెబ్బవలన అవిటిదైన మేరీ మాత్రము ధైర్యముగా ఎదురుచెప్పెను. ఆ తల్లియు ఆ దినములలో కుమార్తె పక్షమున నిలిచెనని మేము వ్రాయలేము. మంగళవారములన్నియు ఏమైనవో!

1726లో జాన్ తండ్రి సంఘములోనే, పాపులయెడల చూపవలసిన ప్రేమను గూర్చి హెట్టీని మనస్సునందుంచుకొని ప్రసంగించెను. తండ్రికి అది బాణమువలె తగిలెను. తన కుమారుడు తన్ను బహిరంగముగా ధిక్కరించెనని ఆయన బాధపడెను. జాన్ పోయి క్షమాపణ వేడగా ఇద్దరును కన్నీళ్లతో సమాధానపడిరి. కుమారునికి అంత త్వరగా దొరికిన క్షమాపణ కుమార్తెకు దొరకలేదు. ఆమె దీనముగా వ్రాసిన ఉత్తరములకు తండ్రి మనస్సు కరుగలేదు. ఆమెకు పుట్టిన బిడ్డలు పసితనముననే చనిపోయిరి.

శామూయేలు వెస్లీ 1735లో మరణించెను. సూసన్నమ్మ 1742లో లండనులో, జాన్‌యు కుమార్తెలును మంచముచుట్టు నిలిచియుండగా శాంతముగా కన్నుమూసెను. హెట్టీకి కడపటి ఏండ్లలో విశ్వాసమునందు నెమ్మది దొరికెను. 1750 మార్చిలో ఆమె అవసానదశయందుండగా పడకయొద్ద ప్రార్థించి, ఆమెను సమాధివరకు సాగనంపినవాడు, తల్లి శనివారము ఎవరికిచ్చెనో ఆ చార్లెసు.