మలుపుల మర్మమెరిగిన సారినెన్

సైకిలు తొక్కుచు వీధి మలుపు తిరుగు బాలుని గమనింపుడు. ఎవరును చెప్పకయే అతడు మలుపు వైపునకు కొంచెము ఒరుగును. నిటారుగా కూర్చుండి తిరుగబోయినచో వెలుపలి వైపునకు పడును. మితిమీరి ఒరిగినచో చక్రము జారి లోపలి వైపునకు కూలును. ఈ రెంటి నడుమ నున్న సన్నని త్రోవయే మలుపు తిరుగు విద్య. బాలురందరు అభ్యాసముచే నేర్చుకొను ఈ విద్యను ఒక శాస్త్రమువలె పరిశీలించి, గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడు మోటారు సైకిళ్ళపై ప్రయోగించి, లోకమునకు క్రొత్త మార్గము చూపిన ఘనుడు యార్నో సారినెన్. అతడు జీవించినది ఇరువది యేడేండ్లు మాత్రమే.

సారినెన్ 1945 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన ఫిన్లాండు దేశమునందలి తుర్కు పట్టణమున జన్మించెను. ఐరోపా ఖండమున ఉత్తరపు అంచున నున్న ఆ దేశము సరస్సులకు పుట్టినిల్లు. శీతకాలమున ఆ సరస్సులు గడ్డకట్టి రాతినేలవలె గట్టిపడును. అచటి యువకులు ఆ మంచుపై మోటారు సైకిళ్ళతో పందెములాడుదురు. సారినెన్ కూడ చిన్ననాటనే ఆ పందెములలో దిగెను. మంచుపై చక్రము ఏ క్షణమున జారునో తెలియదు. బెదరి ఒక్కసారిగా బ్రేకు వేసినవాడు తప్పక పడును. వాహనము జారుచున్నను మనస్సు జారకుండ నిలుపుకొని, చేతివ్రేళ్ళ కదలికతోనే దానిని దారికి తెచ్చుకొనవలెను. ఆ మంచు నేలయే సారినెనుకు తొలి పాఠశాల ఆయెను.

అతనికి వాహనము నడుపుటయందు ఎంత మక్కువయో, అది యెట్లు పనిచేయునో తెలిసికొనుటయందును అంత మక్కువ. తుర్కులో అతడు యంత్రశాస్త్రమును అభ్యసించి ఇంజనీరు పట్టమును పొందెను. 1970 వ సంవత్సరమున ప్రపంచ పందెములలో తొలిసారి పాల్గొని, 250 సి.సి. తరగతిలో నాలుగవ స్థానమున నిలిచెను. ఆ యేడు చివరి పందెములు మిగిలియుండగనే, చదువు పూర్తిచేయుటకై అతడు స్వదేశమునకు మరలెను. కీర్తి ద్వారము కడ నిలిచియు చదువును విడువకుండుట అతని స్థిరబుద్ధికి నిదర్శనము.

ఆ తొలి దినములలో అతనికి పెద్ద పరివారము లేదు. తన యంత్రమును తానే విప్పుకొని, తానే బిగించుకొనెడివాడు. సోయిలి అను యువతి అతనికి తోడుగా దేశదేశములు తిరిగెను. తరువాత వారిరువురు దంపతులైరి. పందెపు బాట ప్రక్కన నిలిచి, అతడు ఒక్కొక్క చుట్టునకు ఎంత కాలము తీసికొనుచున్నాడో ఆమె గడియారముతో లెక్కించెడిది. ఆ లెక్కలను చూచుకొని అతడు వాహనమున మార్పులు చేసికొనెడివాడు.

ఇచట మలుపు మర్మమును కొంత తెలిసికొనవలెను. వాహనము మలుపు తిరుగునపుడు దానిని వెలుపలికి త్రోయు బలమొకటి ఉన్నట్లు తోచును. భూమి దానిని క్రిందికి లాగుచుండును. ఈ రెండు బలములు సరితూగునట్లు వాహనమును లోపలికి వాల్చవలెను. 64 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు 90 కిలోమీటర్ల వేగముతో తిరుగువాడు సుమారు 45 డిగ్రీలు వాలవలసి యుండును. వేగము రెట్టింపైనచో ఆ బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కావున కొంచెము వేగము పెంచినను వాలు మిక్కిలిగా పెరుగును.

కాని వాలుటకు ఒక హద్దు కలదు. వాహనము ఎక్కువగా వాలినకొలది, కాలు మోపుకొను కమ్మీలును, పొగగొట్టమును నేలకు తగులును. టైరు అంచుపైకి వచ్చి పట్టు తప్పును. ఆ కాలపు చోదకులలో పెక్కురు వాహనముతోపాటు తామును ఒకే రేఖలో వాలి కూర్చుండెడివారు. సారినెన్ వేరు విధముగ ఆలోచించెను. వాహనము, చోదకుడు కలిసి యొక్కటే భారము. చోదకుడు ఆసనము నుండి మలుపు వైపునకు జరిగి, మోకాలిని వెలికి చాచి, తన శరీర భారమును లోపలికి తెచ్చినచో, అదే వేగమునకు వాహనము తక్కువగా వాలిన చాలును. టైరు పట్టు నిలుచును; లేదా అదే వాలుతో మరికొంత వేగముగా పోవచ్చును. ఇట్టి పద్ధతి యొకరిద్దరిలో అంతకుముందే కొంత కనిపించినను, దానిని నిండు పద్ధతిగ తీర్చిన వారిలో సారినెన్ ముఖ్యుడు.

ఆ పద్ధతికి అనుగుణముగ అతడు వాహనమును కూడ మార్చుకొనెను. హ్యాండిలు పిడులను అందరివలె గాక, ఏటవాలుగా బాగుగ క్రిందికి దించి బిగించుకొనెను. చూచినవారికి అది వింతగ తోచెను. కాని శరీరమును క్రిందికి వంచి, ప్రక్కకు జరిగినపుడు చేతులు సహజముగ ఎచట నుండునో, పిడులు అచటనే యుండెను. పందెమునకు సిద్ధపరచిన మోటారు సైకిలు వీధిలో పోవు బండి వంటిది కాదు. మలుపులు ఎక్కువగా నున్న బాటకు ఒక పళ్ళచక్రము, నిడుపైన దారులున్న బాటకు మరియొకటి అమర్చవలెను. స్ప్రింగులు మెత్తనైనచో బ్రేకు వేసినప్పుడు ముందుభాగము క్రుంగును. గట్టివైనచో ఎగుడుదిగుళ్ళపై చక్రము ఎగురును. టైరులోని గాలి కొంచెము హెచ్చినను తగ్గినను పట్టు మారును. వీనిలో ఒకదానిని మార్చిన మరియొకటి మారును. కనుక ఒక్కొక్క మార్పును వేరుగా చేసి, దాని ఫలమును పరీక్షింపవలెను. ధైర్యమునకు ఈ ఓర్పు తోడైనపుడే విజయము లభించును.

ఆ ఓర్పు త్వరలోనే ఫలించెను. 1971 వ సంవత్సరమున చెకొస్లొవేకియాలోని బ్రనో బాటపై అతడు తన మొదటి ప్రపంచ పందెమును గెలిచెను. ఆ కాలమున ఇటలీ దేశపు వీరుడు జాకొమో అగొస్తినికి 350 సి.సి., 500 సి.సి. తరగతులలో ఎదురే లేకుండెను. 1972 వ సంవత్సరమున జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ బాటపై 350 సి.సి. పందెమున సారినెన్ అతనిని ఓడించి, లోకమును ఆశ్చర్యపరచెను. ఆ సంవత్సరమే యమహా వాహనముపై 250 సి.సి. తరగతిలో ప్రపంచ విజేత ఆయెను. పక్కబండి లేని మోటారు సైకిళ్ళ గ్రాండ్ ప్రీ రోడ్డు పందెములలో ప్రపంచ విజేత యైన ఫిన్లాండు దేశీయుడు నేటివరకు అతడొక్కడే.

1973 వ సంవత్సరము అతని ప్రతిభకు పున్నమి వంటిది. మార్చి నెలలో అమెరికాలోని డేటోనాలో రెండువందల మైళ్ళ పందెము జరిగెను. ప్రత్యర్థులలో పెక్కురు 750 సి.సి. వాహనములతో రాగా, అతడు 350 సి.సి. యమహాతో వెళ్ళెను. పెద్ద యంత్రములు తమ బలముతోనే తమ గొలుసులను, టైర్లను అరగదీసికొనుచుండగా, అతడు ఒడుదుడుకులు లేని వేగముతో సాగి విజయము పొందెను. ఐరోపా నుండి వెళ్ళి ఆ పందెమును గెలిచినవారిలో అతడే ప్రథముడు. ఏప్రిలు నెలలో ఇటలీలోని ఇమోలా యందు జరిగిన రెండువందల మైళ్ళ పందెమును కూడ గెలిచెను. పిమ్మట యమహావారు క్రొత్తగా నిర్మించిన నాలుగు సిలిండర్ల 500 సి.సి. వాహనముపై ఫ్రాన్సు, ఆస్ట్రియా దేశములలో వరుసగా విజయము సాధించెను. జర్మనీలో ఆ వాహనపు గొలుసు తెగి ఆగవలసి వచ్చెను. 250 సి.సి. తరగతిలో మాత్రము ఆ మూడు దేశములలోను అతనిదే గెలుపు.

1973 వ సంవత్సరము మే 20 వ తేదీన ఇటలీలోని మొంజా బాటపై 250 సి.సి. పందెము ఆరంభమయ్యెను. మొదటి చుట్టులోనే, మిక్కిలి వేగముగా తిరుగవలసిన పెద్ద మలుపులో, ముందున్న రెంజో పసోలిని వాహనము జారి పడెను. వెనుక వచ్చుచున్న సారినెనుకు తప్పించుకొను త్రోవ లేకపోయెను. మరి పలువురు చోదకులు ఆ రాశిపై కూలిరి. సారినెన్, పసోలిని ఇరువురును ప్రాణములు కోల్పోయిరి.

ఆ ప్రమాదమునకు కారణమేమని పెక్కు వాదములు చెలరేగెను. పసోలిని వాహనపు యంత్రము బిగిసిపోయినదని కొందరనిరి. అంతకుముందు జరిగిన 350 సి.సి. పందెములో ఒక వాహనము నుండి కారిన నూనె బాటపై మిగిలి యుండెనని మరికొందరనిరి. కారణమేదైనను ఒక మాట మాత్రము నిశ్చయము. ఆ మలుపున బాటకు చేరువలోనే ఉక్కు కంచె నిలిచియుండెను. కార్లలో పోవువారికి ఆ కంచె రక్షణ కావచ్చును. మోటారు సైకిలు నుండి పడినవానికి అది మృత్యుద్వారము. జారిన వాహనములు అటు ఇటు చెదరిపోవుటకు చోటు లేక, కంచెకు తగిలి తిరిగి బాటపైకే వచ్చెను. తన వాహనములోని ప్రతి మరను పరీక్షించిన వానికి ఆ కంచెను తొలగించు అధికారము లేకపోయెను. ఒకని నేర్పు ఎంత గొప్పదైనను, ఇతరులు నెరవేర్పవలసిన బాధ్యతకు అది బదులు కాజాలదు.

సారినెన్ మరణమునకు సంతాపముగ యమహావారు ఆ సంవత్సరపు మిగిలిన ప్రపంచ పందెముల నుండి తమ జట్టును ఉపసంహరించుకొనిరి. కాని అతని విద్య నశింపలేదు. అమెరికాలో అతని పద్ధతిని కన్నులార చూచిన కెన్నీ రాబర్ట్స్ దానిని గ్రహించి, మోకాలు నేలను తాకునంతగా పెంపొందించి, 1978, 1979, 1980 సంవత్సరములలో 500 సి.సి. ప్రపంచ విజేత ఆయెను. ఆ రాబర్ట్స్ మరికొందరు చోదకులతో కలిసి, బాటల యందు తగిన రక్షణ లేదని నిరసించుచు, 1979 వ సంవత్సరమున వేరుగా పోటీలు నెలకొల్పుటకు పూనుకొనెను. ఆ పోటీలు జరుగకపోయినను చోదకుల మాటకు బలము పెరిగెను. నేడు పెద్ద పందెముల బాటలలో మలుపుల వెలుపల విశాలమైన ఖాళీ స్థలములును, జారినవానిని నెమ్మదిగ ఆపు కంకర నేలలును కలవు. 2018 నుండి మోటో జీపీ చోదకులు పడినపుడు గాలితో ఉబ్బు కవచములను ధరించుట తప్పనిసరి ఆయెను. నేటి చోదకులు 60 డిగ్రీలకు మించి వాలుచున్నారు. ఆ వాలులో సారినెన్ ఆలోచన జీవించియున్నది.

ఇట్టి వాలును వీధులలో అనుకరింపబూనుట అవివేకము. వీధిలో ఇసుక యుండును, గుంత యుండును, ఎదురుగా మరియొకని ప్రాణముండును. సారినెన్ మనకు నేర్పినది దుడుకుతనము కాదు. చేయు పనిని శాస్త్రదృష్టితో పరిశీలించుట, పరికరమును తనకు తగినట్లు తీర్చుకొనుట, ఓర్పుతో పరీక్షించుట అతని గుణములు. అతని మరణము నేర్పిన పాఠము మరియొకటి కలదు. సాహసికులను చూచి చప్పట్లు కొట్టుటతో సమాజము తన పని తీరినదని తలపరాదు. వారు పడినపుడు బ్రతికి లేచుటకు తగిన చోటు ముందుగనే కల్పించి యుంచవలెను.