ఆటల గురువు రహీం మాష్టారు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కాచిగూడ మున్నగు పాఠశాలలలో ఉపాధ్యాయుడయ్యెను. పిదప వ్యాయామవిద్య నభ్యసించి బాలుర ఆటలకు గురువయ్యెను. పొణికికర్రలో బొమ్మను కనుగొను కొండపల్లి శిల్పివలె, పిల్లవాని కాలిలోని నేర్పును ఆయన ఇట్టే పసిగట్టెడివాడు.

హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టును, భారత జట్టును ఆయనయే తీర్చిదిద్దెను. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము లభించెను. 1962లో జకార్తాయందు, తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ధైర్యముగా ముందువరుసన నిలిపెను. తుదిపోటీలో అతడును గోలు చేసెను. దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణము మనదయ్యెను.

1963 జూన్ 11న రహీం మాష్టారు కర్కటరోగముచే కన్నుమూసెను. అటుపిమ్మట 2023 క్రీడల వరకును ఆ స్వర్ణము మనకు మరల దక్కలేదు. గురువు విలువకు ఇంతకన్న నిదర్శనము వలయునా?